అమ్మినవాళ్లది ఢిల్లీ, కొన్నది కడపలో: కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది కడప. మొదటి జీతం రాగానే, ఎన్నాళ్ల నుంచో ఆశపడుతున్న విదేశీ ఫేస్ పౌడర్, ముఖానికి మెరుపునిచ్చేది, ఆన్‌లైన్‌లో 4,900 రూపాయలకు కొన్నాను. చేతికి గరుకుగా తగిలింది, రెండుసార్లు రాసుకునేసరికి బుగ్గల మీద దద్దుర్లు లేచాయి. నకిలీదేమోనని అనుమానం. డబ్బా మీద దిగుమతిదారు పేరే లేదు. అడిగితే ‘తెరిచిన మేకప్ సామాను వాపసు తీసుకోం, కేసు వేస్తే ఢిల్లీలోనే వేసుకోండి’ అంటున్నారు. ఇంట్లోనేమో పౌడర్‌కు ఇంత తగలేస్తావా అని తిట్లు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ తిట్లు మనసులో పెట్టుకోకమ్మా. మీ కష్టార్జితంతో మీకు నచ్చింది కొనుక్కున్నారు, అందులో తప్పేమీ లేదు. ఢిల్లీ టెన్షన్ కూడా వద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇక అసలు విషయం. దద్దుర్లు వచ్చినంత మాత్రాన సరుకు నకిలీదని తేలదు, అసలు సరుకు కూడా కొందరికి పడదు. మెరుపు కోసం ఈ పౌడర్లలో అభ్రకం పొడి వాడటం మామూలే కాబట్టి, చేతికి గరుకుగా తగిలిందన్న మాట కూడా నిలబడదు. మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ డబ్బానే. దిగుమతి చేసిన సౌందర్య సాధనం లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఆ రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు, చిరునామా ఉండాలని 2020 కాస్మెటిక్స్ రూల్స్ చెబుతున్నాయి. మీ డబ్బా మీద ఆ పేరు లేకపోవడమే వాళ్లను నిలదీసే మొదటి ప్రశ్న.

అందుకే కోపంలో దాన్ని చెత్తబుట్టలో వేయకండి. మిగిలిన పౌడర్ ముట్టుకోకుండా, అట్టపెట్టె, పార్శిల్ కవరుతో సహా దాచండి. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపుతుంది, ఆ ఫీజు మాత్రం ముందు మీరు కట్టాల్సి రావచ్చు. చర్మ డాక్టరుకు చూపించి, ఏ పౌడర్ వాడాక దద్దుర్లు వచ్చాయో చీటీలో రాయించుకోండి. ఆర్డర్ వివరాలు, చాట్, డబ్బు కట్టిన మెసేజ్ ఏదీ చెరపకండి.

‘తెరిస్తే వాపసు లేదు’ అన్న షరతు మనసు మారి తిప్పి పంపేవాళ్లకు చెల్లుతుందేమో గాని, లోపమున్న సరుకుకూ నకిలీ సరుకుకూ చెల్లదు. 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. ముందు ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు లేబుల్ ఫోటోలతో మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే కమిషన్‌కు వెళ్లి పౌడర్ డబ్బు, డాక్టరు ఖర్చు, పడిన బాధకు పరిహారం, అన్నీ కలిపి అడగండి. కేసు మీరే స్వయంగా వాదించుకోవచ్చు. లాయరు కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. ఆదాయం ఎంతున్నా సరే, మహిళలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం.