ఆర్ట్స్ స్కూల్లో సీటొచ్చింది, పాప మాత్రం ‘మీ ఇష్టం’ అంటోంది

ప్రశ్న: మేము పన్నెండేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. మా పాపకు పదకొండేళ్లు, ఐదో తరగతి చదువుతోంది. చిన్నప్పటినుంచీ బొమ్మలంటే ప్రాణం. మా స్కూల్ డిస్ట్రిక్టులో ఆరు నుంచి ఎనిమిది వరకు ఉన్న ఒక పబ్లిక్ మిడిల్ స్కూల్లో మామూలు చదువుతోపాటు ఆర్ట్స్‌కి రోజూ రెండు పీరియడ్లు ఇస్తారు. పాప తను గీసిన బొమ్మలు పట్టుకెళ్లి, టీచర్ల ఎదురుగా ఇంకో బొమ్మ గీసి చూపించింది. సీటొచ్చింది. నాకు పంపాలని ఉంది. మా వారికి ఇష్టం లేదు. లెక్కల్లో వెనకబడుతుందంటారు. బస్సు ప్రయాణం వెళ్లడానికి దాదాపు గంట, రావడానికి గంట. ఇంటి దగ్గరి స్కూలుకైతే పది నిమిషాల నడక, పాప స్నేహితురాలు కూడా అక్కడే చేరుతోంది. ఈ విషయం మీద మా ఇద్దరికీ రోజూ గొడవే. పాపని అడిగితే ‘మీ ఇష్టం’ అంటుంది. రెండు వారాల్లో జవాబు చెప్పాలి. నేనూ ఒకప్పుడు బొమ్మలు వేసేదాన్ని, పెళ్లయ్యాక మానేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదివినప్పటినుంచీ పాప అన్న ‘మీ ఇష్టం’ అనే మాటే నా మనసులో తిరుగుతోంది. తెలియని టీచర్ల ముందు కూర్చుని బొమ్మ గీసి సీటు తెచ్చుకున్న పిల్ల, తీరా ఆ సీటు గురించి అడిగితే తనకేమీ పట్టనట్టు మాట్లాడుతోంది. నాకేమనిపిస్తోందంటే, వెళ్తానంటే నాన్నకి కోపం, వెళ్లనంటే అమ్మకి బాధ అని తనకి అర్థమైపోయింది. తలుపు వేసుకుని వాదించుకున్నా ఈ వయసు పిల్లలకి వినిపిస్తుంది. గొడవకి కారణం తనేనని అనుకుంటారు. అందుకే పక్కకి తప్పుకుంది. ముందు ఆ బరువు దించండి, స్కూలు సంగతి తర్వాత.

మూడు నాలుగు రోజులు పాప దగ్గర ఈ మాటే ఎత్తకండి. ఈలోగా మీరిద్దరూ ఒక ఒప్పందానికి రండి. ఏ స్కూలన్నది ఇంకా తేలకపోయినా పరవాలేదు, ఎలా తేల్చుకోవాలన్నది తేలితే చాలు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కూర్చుని పాపతో ఒక మాట చెప్పండి: “చివరికి నిర్ణయం మాదే. తప్పయినా మాదే. కానీ నీ మనసులో ఏముందో తెలుసుకోకుండా తీసుకోం. నువ్వేం చెప్పినా మా ఇద్దరిలో ఎవరికీ కోపం రాదు.” ఈ మాట మీ వారి నోటితో వస్తే ఇంకా మంచిది. నిర్ణయం పూర్తిగా పాప మీద వదిలేయడం గౌరవంలా కనిపిస్తుంది గానీ, పదకొండేళ్ల పిల్లకి అది మోయలేని పని.

ఇక మీ వారి భయం. దాన్ని కొట్టిపారేయకండి, అందులో విషయం ఉంది. అయితే భయపడాల్సిన చోటు ఆయన అనుకున్నది కాకపోవచ్చు. ఆర్ట్స్ స్కూలైనా పబ్లిక్ స్కూలు పబ్లిక్ స్కూలే, రాష్ట్రం పెట్టిన పాఠ్య ప్రమాణాలే దానికీ వర్తిస్తాయి. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా లెక్కలు, రీడింగ్ పరీక్షలు పెట్టాలని 2002లో వచ్చిన ఫెడరల్ చట్టం చెప్పింది. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా ఆ నియమాన్ని ఉంచింది. స్కూళ్ల వారీగా ఆ ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. రెండు స్కూళ్లవీ పక్కపక్కన పెట్టి చూడమనండి.

అసలు అడగాల్సింది టైమ్‌టేబుల్ గురించి. రోజుకి రెండు పీరియడ్లు ఆర్ట్‌కి పోతే వేటిని కుదిస్తున్నారు? ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా-1, అంటే బీజగణితం మొదటి కోర్సు, ఉందా? ఇది చాలా ముఖ్యం. ఎనిమిదిలో ఆల్జీబ్రా-1 అయిపోతే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా-2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్ వరుసగా వస్తాయి. తొమ్మిదిలో మొదలుపెడితే కాల్క్యులస్ అందుకోవడానికి మధ్యలో ఎక్కడో రెండు కోర్సులు కలిపి చదవాలి, లేదా వేసవి సెలవుల్లో చదవాలి. అదేమీ ప్రళయం కాదు, చాలామంది పిల్లలు అలా చేస్తారు. కానీ ముందే తెలిసి ఉండాలి. కొన్ని స్కూళ్లలో కోర్సు పేరుకి ఉంటుంది గానీ ఆర్ట్ పీరియడ్ సమయానికే పడుతుంది, పిల్లలు రెండింటిలో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. అందుకని “ఆర్ట్ తీసుకున్న పిల్లల్లో నిరుడు ఎంతమంది ఆల్జీబ్రా-1 చదివారు?” అని సూటిగా అడగాలి. ఈ ఫోన్ మీరు చేయకండి. మీ వారే స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడాలి. మీరు అడిగి వచ్చి చెబితే అది మీ వాదన అవుతుంది. ఆయనే విన్న జవాబైతే, అనుకూలంగా ఉన్నా లేకున్నా, ఆయన నమ్ముతారు.

బొమ్మలు వేస్తే లెక్కలు కూడా బాగా వస్తాయని మాత్రం ఆయనతో వాదించకండి. 2000 సంవత్సరంలో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. కళలు ఎక్కువగా నేర్పడం వల్లే మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం వాళ్లకి దొరకలేదు. ఆర్ట్ స్కూలుకి పంపితే ఆర్ట్ కోసమే పంపండి. పిల్ల జీవితంలో మూడేళ్లపాటు తనకి ఇష్టమైన పని రోజూ చేయడం అనేది చాలా పెద్ద కారణం, దానికి ఇంకో సాకు అక్కర్లేదు.

దూరం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తల్లులు ‘అలవాటైపోతుందిలే’ అని తీసేస్తారు. చాలా డిస్ట్రిక్టుల్లో ఇలాంటివాటిని మాగ్నెట్ స్కూళ్లంటారు. 1960ల చివర్లో, 70లలో ఇవి మొదలైందే నల్లజాతి పిల్లలూ తెల్లజాతి పిల్లలూ వేర్వేరు పేటల నుంచి తమంతట తాముగా వచ్చి ఒకచోట చదువుకోవాలని. కాబట్టి వాటితో దూరం కూడా వస్తుంది, మన పేట దాటి రకరకాల పిల్లలతో కలవడం అనే లాభమూ వస్తుంది. కానీ నిద్ర లెక్క వేసి చూడండి. పన్నెండేళ్ల లోపు బడి పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం చెబుతోంది. బస్సు ఆరున్నరకి అనుకుందాం. ఐదుముప్పావుకి లేవాలి. తొమ్మిది గంటలు నిద్రపోవాలంటే రాత్రి ఎనిమిదీముప్పావుకల్లా కళ్లు మూతపడాలి. సాయంత్రం ఇల్లు చేరిన పిల్లకి తిండి, హోంవర్కు పోగా ఏం మిగులుతుంది? ఊరికే కూర్చుని తనకోసం బొమ్మ గీసుకునే గంట ఉంటుందా? ఆర్ట్ స్కూలుకి వెళ్లి ఆ గంట పోగొట్టుకుంటే ఎంత అన్యాయం! మీ బస్సు అసలు వేళలు కనుక్కుని, ఒక వారం ఆ సమయాలకే పడుకోబెట్టి లేపి చూడండి. కుదిరితే ఒక ఉదయం ముగ్గురూ ఆ దారిలో వెళ్లి రండి.

పాపతో మాట్లాడేటప్పుడు ‘నీకు ఆ స్కూలు కావాలా’ అని అడగకండి, మళ్లీ అదే జవాబొస్తుంది. ‘టీచర్ల ముందు బొమ్మ గీసినప్పుడు ఎలా అనిపించింది? అక్కడి పిల్లల్లో ఎవరితోనైనా మాట్లాడావా? నీ స్నేహితురాలు లేకుండా మొదటి రోజు తినేటప్పుడు ఎవరి పక్కన కూర్చుంటావు?’ ఇలా చిన్న చిన్నవి అడగండి. కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసినట్టు వద్దు, కారులో వెళ్తున్నప్పుడు బాగుంటుంది, ముఖాలు చూసుకోవాల్సిన పని ఉండదు. ఈ వయసులో స్నేహితురాలు దూరమవడం మనం అనుకునేదానికంటే పెద్ద దెబ్బ. ‘కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారులే’ అని తేల్చేయకండి. స్నేహం కొనసాగాలంటే శనివారాలు కలిసే ఏర్పాటు మీరే చేయాలి.

ఇంకొకటి తనకి ముందే చెప్పాలి. ఇప్పుడు క్లాసులో అందరికంటే బాగా బొమ్మలేసేది తనే అయ్యుంటుంది. అక్కడ ప్రతి బెంచీలోనూ అలాంటివాళ్లే. మొదటి కొన్ని నెలలు మనసు చివుక్కుమనొచ్చు. పైగా ఇన్నాళ్లు ఇష్టంతో వేసిన బొమ్మకి ఇప్పుడు గ్రేడు పడుతుంది. 1973లో మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం బొమ్మలంటే ఇష్టపడే నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే ఆశ చూపించారు. తర్వాత స్వేచ్ఛగా ఆడుకోమన్నప్పుడు వాళ్లు మిగతా పిల్లల్లో సగం సేపే బొమ్మల దగ్గర గడిపారు. నర్సరీ పిల్లలు వేరు, మీ పాప వేరు, నిజమే. అయినా బొమ్మ బాగా రాకపోతే అక్కడి టీచరు ఏమంటారో, గ్రేడు దేనికి ఇస్తారో తెలుసుకోవడం అవసరం. ఆడిటోరియంలో జరిగే ప్రదర్శన చూసి మురిసిపోకండి, ఏదో ఒక మామూలు రోజు క్లాసు చూడనిస్తారేమో అడగండి. ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరితో మాట్లాడినా చాలా తెలుస్తుంది.

నడుమ నచ్చకపోతే ఎలా అన్న భయం మాత్రం పెద్దగా పెట్టుకోకండి. మీ ఇంటి అడ్రసుకి చెందిన స్కూలు మీ పాపకి సాధారణంగా ఉంటుంది, తొమ్మిదో తరగతికి హైస్కూలు కూడా చాలా చోట్ల అంతే. వదులుకుంటే మళ్లీ దొరకడం కష్టమయ్యేది ఆర్ట్స్ స్కూలు సీటే.

మీరు అడిగారు కాబట్టి నా మనసులో మాట చెబుతాను. ఆల్జీబ్రా గురించి మీ వారికి సరైన జవాబు దొరికి, నిద్ర లెక్క కుదిరి, భయంగా ఉన్నా సరే ‘వెళ్తాను’ అని పాప అంటే, పంపండి. ఏడాది చూసి మళ్లీ మాట్లాడుకుందామని ముగ్గురూ అనుకోండి. ఇంత చేశాక కూడా తను ‘మీ ఇష్టం’ దగ్గరే ఉండిపోతే మాత్రం పంపకండి. రోజుకి రెండు గంటల బస్సు, స్నేహితురాలికి దూరం, ఇవన్నీ భరించాలంటే వెళ్లాలన్న కోరిక తనది కావాలి, మీది సరిపోదు.

మీది అన్నాను కదా, ‘నేనూ ఒకప్పుడు బొమ్మలు వేసేదాన్ని’ అన్న వాక్యం మీరు ఉత్తరం చివర్లో ఎంత మామూలుగా రాశారో చూశాను. మానేసిన బొమ్మలు ఇన్నేళ్లయినా గుర్తున్నాయంటే ఆ బాధ మీకు చిన్నది కాదు. దాన్ని పాప సీటుతో తీర్చుకోవాలనుకుంటే ఇద్దరికీ కష్టమే. మీకోసం ఒక బొమ్మల పుస్తకం, రెండు పెన్సిళ్లు కొనుక్కోండి. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏది కనిపిస్తే అది గీయండి, కాఫీ కప్పో, కిటికీనో. ఆ పుస్తకం ఎవరికీ చూపించాల్సిన పని లేదు.