జ్ఞానదంతం తీయడం నేర్చుకోవడానికి రెండున్నర లక్షల అప్పా?

ప్రశ్న: బీడీఎస్ ఫైనలియర్ పాసై గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఇంకా ఏడు నెలలుంది. ఓరల్ సర్జరీ పోస్టింగ్ ఇంకా రాలేదు. ఎండీఎస్ (పీజీ) ఆలోచన లేదు. నరసరావుపేటలో ఒక సీనియర్ క్లినిక్‌లో ఫీజులో 30 శాతం వాటాకు చేరి, తర్వాత సొంత క్లినిక్ పెట్టుకోవాలని ఉంది. అక్కడ జ్ఞానదంతం సర్జరీకి రూ.3,500 తీసుకుంటారు, నెలకు నాలుగైదు కేసులు వస్తాయి. కానీ పన్ను తీయాలంటేనే టెన్షన్. ఇంపాక్షన్లు (ఎముకలో ఇరుక్కున్న పళ్లు తీయడం), ఇంప్లాంట్లు (ఎముకలో కృత్రిమ పళ్లు బిగించడం) నేర్పే వారాంతపు కోర్సుకు రూ.2.5 లక్షలట. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. నాన్నగారు నాతోపాటు సంతకం పెట్టిన రూ.6 లక్షల విద్యారుణం అలాగే ఉంది. ఈ అప్పు తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. ముందు మీ లెక్కను రూపాయల్లో కాకుండా పళ్లలో వేద్దాం. ఆ లోన్‌కు నెలకు సుమారు రూ.8,545 ఈఎంఐ పడుతుంది. మూడేళ్లలో మీరు కట్టేది దాదాపు రూ.3,07,600. మీరు చేరబోయే క్లినిక్‌లో జ్ఞానదంతం సర్జరీకి రూ.3,500 తీసుకుంటారని, నెలకు నాలుగైదు కేసులు వస్తాయని రాశారు. 30 శాతమంటే పన్నుకు మీకు వచ్చేది రూ.1,050. అప్పు తీరాలంటే 293 పళ్లు తీయాలి. నెలకు అయిదు కేసులూ మీకే ఇచ్చారనుకున్నా అందుకు పట్టేది అయిదేళ్లకు ఒక నెల తక్కువ. ఈఎంఐ మాత్రం మూడేళ్లే. మిగతాది ఫిల్లింగులు, రూట్ కెనాల్స్ సంపాదనలోంచి తీసి కట్టాలి.

పైగా అందులో సగం ఫీజు ఇంప్లాంట్ల కోసం. కొత్తగా చేరిన డాక్టరు చేతికి మొదటి ఏడాదే ఇంప్లాంట్ కేసు ఇచ్చే సీనియర్ నాకింకా తారసపడలేదు. నేర్చుకుని ఏడాది వాడని పని చేతిలో నిలవదు.

మీరు ఇప్పటికే ఫీజు కట్టేసిన శిక్షణ ఒకటుంది. డెంటల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో ఓరల్ సర్జరీకి నెలన్నర. అందులో 50 ఎక్స్‌ట్రాక్షన్లు (మామూలుగా పన్ను తీయడం), రెండు సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్లు (కోత పెట్టి తీయడం), రెండు ఇంపాక్షన్లు మీ చేత్తో చేయాలి. ఎలక్టివ్ పేరుతో మరో 15 రోజులు మీకు నచ్చిన విభాగంలో ఉండొచ్చు, అవీ ఓరల్ సర్జరీకే రాయించుకోండి. పోస్టింగ్ మొదలవడానికి ముందే అక్కడి పీజీలను కలిసి, ఏ రోజు ఇంపాక్షన్లు ఎక్కువో అడగండి. లాగ్‌బుక్‌లో సంతకం పడితే చాలనుకుంటే ఆ నెలన్నర ఫీజూ నీళ్లపాలే.

ఇక క్లినిక్ సంగతి. మన చిన్న ఊళ్లలో కష్టమైన కేసులన్నీ ఆదివారానికి వాయిదా వేసి, ఆ రోజు విజిటింగ్ సర్జన్‌ను పిలిపిస్తారు కదా. వాటా 35 శాతం చేయమని అడిగేబదులు, ప్రతి ఆదివారం ఆ సర్జన్ పక్కన సక్షన్ (నోట్లో రక్తం, ఉమ్మి పీల్చే గొట్టం) పట్టుకునే పని నాకివ్వండి అని అడగండి. ఎక్కడ కోత పెట్టాడు, ఎముక ఎంత తీశాడు, పన్నును ఎక్కడ రెండు ముక్కలు చేశాడు అన్నవి ఎక్స్‌రే పక్కన పెట్టుకుని నోట్‌బుక్‌లో గీసుకోండి. ఏ పన్ను మనం ముట్టుకోకూడదో తెలిసేది అక్కడే. పన్ను వేరు దవడలోని నరం కాలువను తాకుతున్నట్టు కనిపిస్తే పంపించేయడమే మంచి జనరల్ డెంటిస్టు పని.

ఇది రోగి కుర్చీలోంచి నాకు తెలిసిన సంగతి. నా జ్ఞానదంతాన్ని ఒకాయన గంటన్నర పెకిలించి, పైభాగం విరిగాక, మిగతాది సర్జన్ చూస్తారన్నారు. నోరు అలా తెరుచుకుని నేను గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. ఎక్స్‌రే చూసి ముందే పంపేసి ఉంటే ఆయనకు రెండో పేషెంటుగా మా ఆవిడ కూడా వెళ్లేది.

విద్యారుణం మాట మర్చిపోకండి. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. పది శాతమనుకుంటే నెలకు రూ.5,000. కట్టకపోతే అసలుకు కలుస్తుంది. చేరిన మొదటి నెల నుంచే ఆ వడ్డీ కట్టేయండి. తేడా వస్తే దెబ్బ నాన్నగారి సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుకు ఇచ్చే మార్కు) మీద కూడా పడుతుంది. ఆ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఊరిస్తారు. అది పాత పన్ను విధానంలోనే. పైగా మొదటి రెండేళ్లు మీకొచ్చే ఆదాయానికి పన్నే పడకపోవచ్చు.

ఖర్చు పెట్టాల్సింది ఒకటుంది: ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా. 1995లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. పన్ను తీసేటప్పుడు నరం దెబ్బతిని పెదవి తిమ్మిరి ఎన్నాళ్లకూ పోకపోతే నోటీసు మీకే వస్తుంది. తెలుగులో రాసిన అంగీకార పత్రం మీద సంతకం లేకుండా పన్ను ముట్టుకోకండి.

వడ్డీ కట్టగా నెలకు మరో రూ.5,000 ఆర్‌డీలో (బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తే ఏడాదికి రూ.60,000 పైన చేతిలో ఉంటుంది. అప్పుడు ఇంపాక్షన్లు మాత్రమే నేర్పే చిన్న కోర్సు వెతకండి. ఫీజు అడిగే ముందు ఒక్కటే అడగండి: “పేషెంట్ల మీద నా చేత్తో ఎన్ని పళ్లు తీయిస్తారు?” బొమ్మ దవడల మీదే అంటే ఫోన్ పెట్టేయండి. ఏ కోర్సు సర్టిఫికెట్ వచ్చినా బోర్డు మీద ఓరల్ సర్జన్ అని రాసుకోవడానికి వీల్లేదు, అది ఆ విభాగంలో ఎండీఎస్ చేసినవాళ్లకే. ఇప్పుడు చెప్పిన కోర్సుకు అడ్వాన్స్ ఏదైనా కట్టి ఉంటే, రసీదు మీద వాపసు షరతు ఏముందో ఈ వారమే చూడండి.