పన్ను తీయించుకున్నాక అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో కాంట్రాక్టరు కింద పనిచేస్తాను, జీతం 14 వేలు. కింద జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందని నరసాపురంలో ఒక పళ్ల క్లినిక్‌లో తీయించుకున్నాను. మొత్తం 6 వేలు అన్నారు. తర్వాత ఎక్స్‌రేకి వేరే, మందులకి వేరే తీసుకున్నారు. నాలుగో రోజు నొప్పి భరించలేక వెళ్తే డ్రై సాకెట్ అన్నారు, మందు పెట్టిన ప్రతిసారీ 500. బిల్లు అడిగితే ఇవ్వలేదు. పంటు మీద గోదావరి దాటి ఆటోల్లో తిరిగిన ఖర్చు, తొమ్మిది రోజుల జీతం కలిపితే ఆపరేషన్ కంటే ఎక్కువైంది. కింది పెదవి ఒక పక్క ఇంకా మొద్దుగానే ఉంది. ఇదంతా డాక్టరు దగ్గర రాబట్టొచ్చా?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ పెదవి చూపించుకోండి. కింది జ్ఞానదంతం వేళ్లకి ఆనుకునే పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళ్తుంది, పన్ను తీసేటప్పుడు అది ఒత్తుకున్నా దెబ్బతిన్నా ఇలా మొద్దుబారుతుంది, చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది, కొద్దిమందికి రాదు. కాబట్టి ఇంకో చోట ఓరల్ సర్జన్‌కి చూపించుకుని, ఏ తేదీకి ఎంత మేర స్పర్శ లేదో కాగితం మీద రాయించుకోండి. వైద్యానికీ అదే కావాలి, రేపు కేసంటూ వేస్తే దానికీ అదే కావాలి.

ఇక మీరడిగిందానికి వస్తే, అన్నీ డాక్టరు దగ్గర రావండి. అక్కడ రానివి కొన్ని వేరే చోట వస్తాయి, ఆ చోటు సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు, అదే నాకు బాధగా ఉంది.

పోయిన జీతం సంగతి చూడండి. నెలకి 21 వేల లోపు జీతం, పదిమందికి పైగా పనిచేసే ప్లాంటు, అంటే మీకు ఈఎస్ఐ (ఉద్యోగులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండాలి. మీరు కాంట్రాక్టరు మనిషని చెప్పి కంపెనీ తప్పించుకోవడం కుదరదు, కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలి. మీ జీతంలోంచి 0.75 శాతం, అంటే 105 రూపాయలు, కోస్తున్నారా లేదా పే స్లిప్‌లో చూడండి, కంపెనీ తన వంతుగా మీ జీతం మీద 3.25 శాతం కలిపి కడుతుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడుంటే, జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకి జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్‌గా వస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకూ ఇస్తారు. మొదటి రెండు రోజులకి ఇవ్వరు. అంటే మీ తొమ్మిది రోజుల్లో ఏడింటికి అడగొచ్చు. మీ జీతం లెక్కన రోజుకి 300 రూపాయలకి పైనే పడుతుంది.

ఇక్కడో చిక్కుంది. సెలవు సర్టిఫికెట్ ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇవ్వాలి, మీరేమో ప్రైవేటుకి వెళ్లిపోయారు. బయటి డాక్టరు రాసిచ్చినదాన్ని తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది గానీ ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి చేతుల్లో ఉంటుంది, అందుకని ఆలస్యం చెయ్యకుండా ప్రిస్క్రిప్షన్లూ ఎక్స్‌రే పట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లండి, నోరు పూర్తిగా తెరుచుకోకపోతే అది కూడా చూపించండి, ఇంకా సెలవు అవసరమైతే అక్కడి నుంచే రాయించుకోండి. ఆ బెనిఫిట్ మీద ఉన్న రోజుల్లో పనిలోంచి తీసెయ్యడానికి కూడా వీల్లేదు. అసలు చందాయే కట్టలేదని తేలితే ఈఎస్ఐ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, రొయ్యల షెడ్లలో మీలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఈ హక్కు ఉన్నట్టే తెలియక జీతం వదిలేసుకుంటున్నారో.

డాక్టరు సంగతి. డ్రై సాకెట్ వచ్చిందంటే డాక్టరు తప్పు చేశాడని కాదు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి నిలవాలి, అది ఊడిపోయో కరిగిపోయో ఎముక బయటపడితే ఆ నొప్పి వస్తుంది, ఎంత జాగ్రత్తగా తీసినా కొందరికి వస్తుంది. మామూలు నేర్పున్న డాక్టరు చెయ్యాల్సింది చెయ్యలేదని చూపిస్తేనే నిర్లక్ష్యం అవుతుంది, 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాబట్టి నొప్పికీ, జావ తాగి గడిపిన రోజులకీ మాత్రమే పరిహారం కావాలంటే కేసు నిలబడదు, నేను మీకు ఆశ పెట్టను.

కానీ మొత్తం 6 వేలని చెప్పి తర్వాత విడివిడిగా లాగడం, బిల్లు ఇవ్వకపోవడం వేరే సంగతి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, 2019 చట్టమైతే సేవకి బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అని స్పష్టంగా రాసింది. బిల్లు లేదు గదా ఎలా అంటారేమో, మీరు ఫోన్‌పే కొట్టి ఉంటే ఆ మెసేజ్‌లే సాక్ష్యం, మందుల షాపు చీటీలు, అపాయింట్‌మెంట్ వాట్సాప్‌లు ఏవీ తీసెయ్యకండి.

పెదవి విషయంలో అసలు ప్రశ్న, ఇలా మొద్దుబారే అవకాశం ఉందని ముందు చెప్పారా లేదా అన్నది. సమీరా కోహ్లీ కేసులో, 2008లో, రోగికి ప్రమాదాలు తగినంతగా చెప్పాకే తీసుకున్న ఒప్పుకోలు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. మీచేత సంతకం పెట్టించిన కాగితం ఏ భాషలో ఉంది, మీకు చదివి వినిపించారా? ఆ కాగితం, ఎక్స్‌రే, కేస్ షీట్ నకళ్లు కావాలని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, ఎక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి. ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు రుజువు ఉంటుంది.

కేసు వెయ్యాలంటే క్లినిక్ ఉన్న జిల్లాకి తిరగక్కర్లేదు. క్లినిక్ పశ్చిమ గోదావరిలో ఉన్నా మీరు కోనసీమలో ఉంటున్నారు గనక, మీరుండే చోటుకి వర్తించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు, 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. మీరు కట్టింది 5 లక్షల లోపే గనక ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వెయ్యొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. ఇంత చిన్న మొత్తానికి నేనైతే ముందు శాశ్వత లోక్ అదాలత్ చూడమంటాను, ఆసుపత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి, ఫీజు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు, రాజోలు కోర్టులో మండల న్యాయ సేవల కమిటీని అడగండి, లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి.

ఒకటి మాత్రం జాగ్రత్త. మీరు ఉత్తరం రాశాక క్లినిక్ వాళ్లు పిలిచి రెండు మూడు వేలు వెనక్కిస్తామని, ఇక ఏ గొడవా లేదని సంతకం పెట్టమనొచ్చు. ఎక్కువ తీసుకున్న డబ్బు ఇస్తే తీసుకోండి, దానికి మాత్రమే రసీదు రాసివ్వండి. పెదవి సంగతి తేలేవరకూ అంతా సెటిలైందని రాసున్న కాగితం మీద సంతకం పెట్టకండి.