కంద ఒకటే, పేర్లు రెండెందుకు?

ప్రశ్న: మా నాన్నగారి పాత వ్యవసాయ పుస్తకంలో కంద శాస్త్రీయ నామం ‘అమార్ఫోఫాలస్ కాంపానులేటస్’ అని ఉంది. ఇప్పటి పుస్తకాలు ‘అమార్ఫోఫాలస్ పియోనీఫోలియస్’ అంటున్నాయి. ఇవి వేర్వేరు మొక్కలా? ‘గజేంద్ర’ మరొక జాతా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండూ మన కూరకంద పేర్లే. మీ పుస్తకం 1977కు ముందు అచ్చయినదైతే అందులో తప్పు కూడా లేదు.

ఆ పాత పేరుకు మీ ప్రాంతంతో చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీనిని ‘ఆరమ్ కాంపానులేటమ్’ అన్నాడు. పూగుత్తి చుట్టూ గంటలా విచ్చుకునే తొడుగును బట్టి వచ్చిన పేరది. అయితే కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన సిద్ధం చేసిన గ్రంథం లండన్‌లో 1795 నుంచి విడతలుగా వెలువడుతూ వచ్చి, కంద బొమ్మ ఉన్న మూడో సంపుటం పూర్తయ్యేసరికి 1820 అయింది. రాక్స్‌బర్గ్ 1815లోనే కన్నుమూశాడు. ఈలోగా జర్మనీకి చెందిన డెన్‌స్టెట్, మలబారులోని డచ్చి అధికారి వాన్ రీడ్ 17వ శతాబ్దంలో వెలువరించిన ‘హోర్టస్ మలబారికస్’ బొమ్మలకు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ నెలకొల్పిన రెండు మాటల పద్ధతిలో పేర్లు కూరుస్తూ, 1818లో ఇదే మొక్కను ‘డ్రకాంటియమ్ పియోనీఫోలియమ్’ అన్నాడు. పియోనీ అనే పూలమొక్క ఆకులను పోలిన ఆకు గలదని దాని అర్థం.

‘అమార్ఫోఫాలస్’ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు 1834 నాటిది. దీనికి రాక్స్‌బర్గ్ మాట చేరి మీ పుస్తకంలోని పేరైంది. గ్రీకులో వికృతాకార లింగమని అర్థం. కంద పువ్వును కళ్లారా చూసినవారికి ఇంతకుమించి వివరించనక్కరలేదు. ముందు అచ్చయిన పేరుకే హక్కు అన్నది వృక్షశాస్త్ర నియమం కనుక, 1977లో అమెరికన్ శాస్త్రవేత్త నికల్సన్ డెన్‌స్టెట్ మాటను ఈ ప్రజాతికి చేర్చి ఇప్పటి పేరును స్థిరపరిచాడు. నా మట్టుకు రాక్స్‌బర్గ్ పేరే నచ్చుతుంది. మనం కాండమనుకునే మచ్చల కాడ నిజానికి ఒకే ఒక్క ఆకు తొడిమ. ఆ ఆకు కూడా లేని వేళ నేలలోంచి పొడుచుకొచ్చి, కుళ్లిన మాంసపు కంపుతో ఈగలను, పురుగులను రప్పించుకునే ఆ గంట పువ్వే కందకు అసలైన గుర్తు.

గజేంద్ర మరో జాతి కాదు. కొవ్వూరు పరిశోధన స్థానంలో ఎంపిక చేసిన రకం. కంద దురదకు కారణం దుంపలో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. గజేంద్రలో ఆ దురద దాదాపు ఉండదు కాబట్టి, ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెతను ఈ రకం విషయంలో అక్షరాలా వాడుకోవచ్చు.