చుసోక్‌కి ఒక్కదానివే ఉన్నావని గదిలో కూర్చోకు

చిన్నీ,

ల్యాబ్‌లో వాళ్ళంతా చుసోక్‌కి, అదే కొరియా వాళ్ళ పంటల పండక్కి, ఊళ్ళకి వెళ్తున్నారు, నేనొక్కదాన్నే ఉండాలి పెద్దమ్మా అన్నావు కదా, అప్పటి నుంచి మనసంతా నీ దగ్గరే ఉంది. సియోల్‌లో నా మొదటి చుసోక్ గదిలో పడుకునే గడిపేశాను. నువ్వలా చెయ్యకు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ ఊరు కూడా ఖాళీ అవుతుంది. తిరగడానికి అంతకంటే మంచి రోజులు దొరకవు.

యోంగ్‌సాన్‌లోని నేషనల్ మ్యూజియం చుసోక్ రోజున మూసేస్తారు. తెలియక ఇచోన్ స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ రోజు ముల్లే అనే పేటకి వెళ్ళు, మెట్రో రెండో లైన్‌లో వస్తుంది. ఇనుప పనుల వర్క్‌షాపుల మధ్యే చిత్రకారుల స్టూడియోలుంటాయి. మామూలు రోజుల్లో పనివాళ్ళకి అడ్డం, ఫొటోలు తీస్తే నచ్చదు కూడా. పండగనాడు షట్టర్లు దించేసి ఉంటాయి, వాటి మీద బొమ్మలు అప్పుడే కనపడతాయి. తినడానికి ఏదైనా బ్యాగులో వేసుకో, చాలా హోటళ్ళు మూసేస్తారు.

బుక్‌చోన్ పాత ఇళ్ళ సందులు అందంగా ఉంటాయి, కాదనను. కానీ అక్కడ జనం కాపురముంటున్నారు. ఒక భాగంలో సాయంత్రం 5 నుంచి ఉదయం 10 దాకా టూరిస్టులు తిరిగితే 2025 నుంచి జరిమానా కూడా వేస్తున్నారు. పండక్కి ఇంటికొచ్చిన పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు, గట్టిగా మాట్లాడకు.

మ్యూజియానికి మర్నాడు వెళ్ళు. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. అన్నీ చూసెయ్యాలని పరుగెత్తకు తల్లీ. లోపల 1348 నాటి పదంతస్తుల రాతి పగోడా ఉంది, తలెత్తి ఒకసారి చూసి, రెండో అంతస్తులో 'ఆలోచనల గది'కి వెళ్ళిపో. చీకటిగా ఉంటుంది, రెండే కంచు బోధిసత్వ విగ్రహాలు, సుమారు 1400 ఏళ్ళ నాటివి. కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, వేళ్ళు చెంపకి ఆనీ ఆనకుండా పెట్టుకుని కూర్చుంటాయి. అద్దాల పెట్టెలు లేవు, వెనక్కి వెళ్ళి వీపు కూడా చూడొచ్చు. సాదా కిరీటం ఉన్నదాని కాలివేళ్ళు చూడు. ముఖం అంత ప్రశాంతంగా ఉన్నా ఆ వేళ్ళలో బిగువు ఉంటుంది. నేను అది గమనించేసరికి అరగంట పట్టింది.

ఎవరైనా సోంగ్‌ప్యోన్ పెడితే మొహమాటపడకు, నువ్వుల పూర్ణం పెట్టిన మన కుడుముల్లాంటివే. పైన్ ఆకుల మీద ఉడికిస్తారు, ఆ వాసనే కొత్త.

ఆ రెండు విగ్రహాల్లో నీకేది నచ్చిందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ