పక్కన కాంప్లెక్స్ లేస్తోందని రాశావు

ఒరే అబ్బాయ్,

మీ పక్క ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల కాంప్లెక్స్ వస్తోందని రాశావు. అమ్మేసి పోదామని కోడలమ్మాయి అంటోంది, గజం రేటు ఇంకా లేస్తుంది ఆగుదామని నువ్వంటున్నావు. నువ్వు స్థలం గురించి మాట్లాడుతున్నావు, తను ఇంటి గురించి మాట్లాడుతోంది. అందుకే మీకు తెమలడం లేదు.

మా వీధి మొదట్లో ఆస్పత్రి లేచినప్పుడు మీ మామయ్య కూడా నీలాగే లెక్కలేశాడు. కొన్నాళ్లకి ఒకాయన కొంటానని వచ్చాడు. నేను ముందురోజే ఇల్లంతా కడిగి, టేకు తలుపులకి నూనె రాసి పెట్టాను. ఆయన చెప్పులు కూడా విప్పలేదు. టేపు తీసి వీధి వైపు ఎన్ని అడుగులుందో కొలిచాడు, కరెంటు స్తంభం ఎక్కడుందో చూశాడు, అంకణం ఇంత అని ఒక మాట చెప్పాడు. (మీ ఒంగోల్లో గజాలు, మాకు అంకణాలు. 8 గజాలు ఒక అంకణం.) "లోపల చూడరా?" అంటే "ఎటూ కొట్టేసేదే కదమ్మా" అన్నాడు. ఆ చెప్పిన రేటు కూడా మెయిన్ రోడ్డు స్థలానికి పలికే దాంట్లో సగం లేదు. రోడ్డు మీదవాడికి రేటు వచ్చింది, వెనక ఉన్న మాకు బైకుల పార్కింగ్ వచ్చింది. గేటు తియ్యాలంటే ఇప్పటికీ ఎవరి బండో జరపాలి.

కాబట్టి ముందు నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గరికెళ్లి, మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం రెసిడెన్షియలా కమర్షియలా, మీ రోడ్డు ఎన్ని అడుగులని చూపిస్తున్నారో కనుక్కో. షాపులు కట్టుకోవడానికి వీల్లేని స్థలానికి షాపు రేటు ఎవరూ ఇవ్వరు, బ్రోకర్ ఎన్ని చెప్పినా. ఇంకోటి, మన రాష్ట్రంలో 2021 నుంచి ఇంటి పన్ను రిజిస్ట్రేషన్ విలువ మీద లెక్కేస్తున్నారు. రేటు పెరిగిందని నువ్వు సంబరపడే లోపు పన్ను కాగితం కూడా వస్తుంది.

అమ్మాయి టెన్షన్‌ని మాత్రం తేలిగ్గా తీసెయ్యొద్దురా. మా వెనక బిల్డింగ్ మెట్ల మలుపులో ఒక కిటికీ ఉంది. సరిగ్గా మా పెరట్లోకి చూస్తుంది. అక్కడ పనిచేసే పిల్లలు సిగరెట్లకి, ఫోన్లకి అక్కడే నిలబడతారు. పాపం వాళ్లు నన్నేం చూడరు, నేనే చూస్తున్నారనుకుంటాను. తల స్నానం చేసి పెరట్లో జుట్టు ఆరబెట్టుకోవడం మానేశాను. ఎండాకాలం మిద్దె మీద పక్కలేసుకోవడం పోయింది. గ్రీన్ మ్యాట్ కట్టించాం, గాలి కూడా ఆగిపోయింది. ఏసీ మిషన్ల వేడి సరేసరి. వీటన్నిటికీ ఏ దస్తావేజులోనూ విలువ వెయ్యరు.

చట్టం దగ్గరికొస్తే, వెలుతురుకీ గాలికీ ఉన్న బలం చాటుకి, అంటే పక్కవాళ్ల చూపు మన ఇంట్లో పడకుండా ఉండటానికి, లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్క స్థలం మీద మనకుండే హక్కుల చట్టం) ప్రకారం, ఒక కిటికీలోంచి 20 ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా వెలుతురు అనుభవిస్తే అది హక్కవుతుంది. మీ నాన్న కట్టించి 30 ఏళ్లు దాటింది కదా, ఆ తూర్పు కిటికీలు నీకు అండ. చాటు కోసం కోర్టుకెళితే మాత్రం, అలాంటి ఆచారం ఆ ఊళ్లో ఉందని రుజువు చెయ్యాలి. అది తేలే పని కాదు. దానికి మాటలే దారి.

ఆ మాటలు పిల్లర్లు లేవకముందే ఆడాలి. మేము ఆ వెనక బిల్డింగ్‌కి స్లాబ్ పడ్డాక వెళ్లాం. కట్టించేవాయన కాఫీ ఇచ్చి, "ముందే చెప్పుంటే కిటికీ అటు తిప్పేవాళ్లం కదమ్మా" అన్నాడు. నిజమో కాదో గానీ, నాకు ఎదురు మాట దొరకలేదు. నువ్వు ఇప్పుడే వెళ్లు, అమ్మాయిని కూడా తీసుకెళ్లు. మీ వైపు మెట్ల కిటికీలకి మసక అద్దాలు, జనరేటర్ అవతలి వైపు, టెర్రస్ పిట్టగోడ మనిషెత్తు, ఈ మూడే అడుగు. ఎక్కువ అడిగితే ఏదీ ఇవ్వరు. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకో. అప్రూవ్డ్ ప్లాన్ కాపీ కోసం సమాచార హక్కు కింద 10 రూపాయలతో అర్జీ పెట్టు, మీ వైపు ఎన్ని అడుగులు వదలాలో అందులో ఉంటుంది. వదల్లేదంటే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు, రసీదు తీసుకో.

తర్వాత ఉండలేమనిపిస్తే అప్పుడు అమ్ముకోండి, తప్పేం లేదు. కానీ పునాదులు తవ్వుతుండగా మాత్రం అమ్మకండి. దుమ్ము, చప్పుడు చూసి కొనేవాడు రేటు బాగా తగ్గించి అడుగుతాడు.

ఈ ఆదివారం పొద్దున ఎండ పడేటప్పుడు, ఆ తూర్పు కిటికీలకి గది లోపల్నించి, బయటి నుంచి ఫోటోలు తియ్యి, తేదీ పడేలా. నాక్కూడా పంపు. మీ నాన్న ఆ కిటికీ పక్కనే పేపర్ చదివేవాడు.

మీ అత్త