పున్నమి చంద్రుడిలో తర్బూజ తొడిమ: టైకో బిలంపై పాఠకుల ప్రశ్నలు

చంద్రుడి దక్షిణ భాగంలోని టైకో బిలం గురించీ, ఆ పేరుగల ఖగోళవేత్త టైకో బ్రాహే గురించీ వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: కార్తీక పున్నమి నాడు వెయ్యి స్తంభాల గుడిలో దీపం పెట్టి బయటికొచ్చి చూస్తే, అప్పుడే పొడిచిన చంద్రుడిలో కుడివైపున ఒక తెల్లని చుక్క మెరుస్తూ కనిపించింది. పుస్తకంలోని పటంలో టైకో బిలం చంద్రుడి అడుగున ఉంది. నేను చూసింది అదేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అదే. పటాల్లో ఉత్తరాన్ని పైన పెట్టి గీస్తారు. మనం మాత్రం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి, ఇక్కడ చంద్రుడు దాదాపు పక్కకు ఒరిగి పొడుస్తాడు. తూర్పుకు తిరిగి నిలబడితే ఆయన ఉత్తర భాగం మన ఎడమచేతి వైపు, దక్షిణ భాగం కుడిచేతి వైపు కాస్త కిందికి ఉంటుంది. అందుకే టైకో మీకు కుడివైపున కనిపించింది. తెల్లవారుజామున పడమట దిగేటప్పుడు చూడండి, అదే చుక్క ఎడమవైపుకు మారి ఉంటుంది. కార్తీకం నుంచి పుష్యం దాకా పున్నమి చంద్రుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు డాబా మీద చాప వేసుకుని కాళ్లు దక్షిణానికి పెట్టి పడుకుంటే పటంలో ఉన్నట్టే టైకో కిందికి వస్తుంది.

ఒక్క మాట. మీ కంటికి ఆనింది గుంత కాదు, గుంత చుట్టూ చిమ్మిన తెల్లని పొడి. బిలం వెడల్పు 85 కిలోమీటర్లు. వరంగల్ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు కన్నా ఎక్కువే. అయినా అంత దూరం నుంచి అది 45 వికళలు (వికళ అంటే కళలో అరవయ్యో వంతు) మాత్రమే. మామూలు కంటి చూపు ఒక కళ (డిగ్రీలో అరవయ్యో వంతు) దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: చంద్రుడి మీద వేల గుంతలుండగా ఇదొక్కటే ఇంత తెల్లగా ఎందుకుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వయసు తక్కువ కాబట్టి. చంద్రుడి మీది పెద్ద బిలాల్లో చాలావాటి వయసు వందల కోట్ల ఏళ్లు. టైకో వయసు సుమారు 10.8 కోట్ల ఏళ్లే. ఉల్క గుద్దినప్పుడు లోపలి రాయి పొడిపొడిగా లేచి నలుదిక్కులా పడింది. సౌరగాలి, సూక్ష్మ ఉల్కల దెబ్బలు కోట్ల ఏళ్లు తగిలితే ఆ పొడి నల్లబడుతుంది. టైకో పొడి ఇంకా అంత నల్లబడలేదు. ఈ వయసు తేలింది 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు తెచ్చిన మట్టి నుంచి. వాళ్లు దిగిన చోటు టైకోకు 2,200 కిలోమీటర్ల దూరం. టైకో నుంచి ఎగిరొచ్చిన రాళ్లు అక్కడి కొండకు తగిలి చరియ విరిగిపడిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆ చరియ వయసునే బిలం వయసుగా తీసుకున్నారు.

పున్నమి నాడు 10x50 బైనాక్యులర్‌ను పిట్టగోడ మీద ఆనించి చూడండి. తొడిమ నుంచి చారలు సాగిన తర్బూజ గుర్తుకొస్తుంది. బిలం అంచును ఆనుకుని సన్నటి నల్లని పట్టీ ఉంటుంది. అది గుద్దిన వేడికి కరిగి గడ్డకట్టిన రాయి. ఆ పట్టీ దాటాకే తెల్లని చారలు మొదలవుతాయి. అవి అన్ని వైపులా సమానంగా ఉండవు, పటంలో పడమర వైపు పలచన. ఉల్క ఆ దిక్కు నుంచే ఏటవాలుగా వచ్చి తగిలిందనడానికి అదే ఆనవాలు.

ప్రశ్న: 70 మి.మీ. టెలిస్కోప్ కొన్నాను (ఫోకల్ లెంత్ 700). పున్నమి నాడు డాబా మీద పెట్టి చూస్తే టైకో గుంతలా లేదు, సున్నం మరకలా ఉంది. పవర్ పెంచితే అంతా అలుక్కుపోయి ఊగుతోంది. టెలిస్కోప్‌లో లోపమా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: టెలిస్కోప్ బాగానే ఉంది, మీరు ఎంచుకున్న రోజు సరికాదు. పున్నమి నాడు టైకో మీద ఎండ దాదాపు మనం చూసే దిక్కు నుంచే పడుతుంది, నీడలు మనకు కనబడవు. నీడ లేకపోతే లోతు తెలియదు. చారలకు పున్నమి, గుంతకు శుద్ధ నవమి, దశమి. అష్టమి నాటికి వెలుగు గీత (వెలుగూ చీకటీ కలిసే సరిహద్దు) చంద్రుడి నడిమికి వస్తుంది, నవమికి టైకో మీద పొద్దు పొడుస్తుంది. ఆ సాయంత్రం బిలం అడుగంతా కాటుకలా నల్లగా ఉండి, నడిమి శిఖరం కొన ఒక్కటే చుక్కలా వెలగడం చూసే అదృష్టం కలగొచ్చు. దశమికి గోడలు, మెట్లు, శిఖరం అన్నీ తేటగా విప్పుకుంటాయి. గోడ అంచు నుంచి అడుగుకు లోతు 4.8 కిలోమీటర్లు, శిఖరం ఎత్తు 2 కిలోమీటర్లు. సద్దుల బతుకమ్మ రాత్రి అర్ధచంద్రుడు, మరునాడు టైకోలో సూర్యోదయం, దసరా నాడు నిండు దృశ్యం. జమ్మి పెట్టుకుని పెద్దలకు మొక్కి ఇంటికొచ్చాక, ఏడున్నర ప్రాంతంలో చంద్రుడు దక్షిణాన బాగా ఎత్తులో ఉంటాడు. మబ్బు లేకపోతే ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజు వెతకనక్కర్లేదు.

ఇక ఊగడం సంగతి. పగలంతా కాగిన స్లాబ్ రాత్రి పది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, ఆ సెగలోంచి చూస్తే బొమ్మ ఉడుకుతున్నట్టే ఉంటుంది. టెలిస్కోప్‌ను వాకిట్లో మట్టి నేల మీదికి దించండి, అరగంట ముందే బయట పెట్టండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీయొద్దు, నడుమ ఇసుక సంచి వేలాడదీయండి. 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించే కటకం) 28 రెట్లు చూపిస్తుంది, చంద్రుణ్ని దాంతో పట్టుకోండి. 10 మి.మీ. ఐపీస్ 70 రెట్లు, టైకోకు అది చాలు. 70 మి.మీ. గాజుకు 140 రెట్లే హద్దు. పెట్టెలో ఇచ్చే 3 రెట్ల బార్లో కటకాన్ని (పవర్ పెంచేది) 10 మి.మీ.కి తగిలిస్తే 210 అవుతుంది, అక్కడే అలుక్కుపోయింది. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు కాబట్టి కాస్త ముందుకు గురిపెట్టి, చెయ్యి తీసేసి, ఊపు తగ్గాక చూడాలి.

చాలామంది పొరపడేది క్లేవియస్‌తో. అది టైకోకు దక్షిణాన, 225 కిలోమీటర్లకు పైబడిన మైదానంలాంటి బిలం, లోపల చిన్న గుంతలు వంపుగా వరస కట్టి ఉంటాయి. టైకోలో అలాంటి వరస ఉండదు, నట్టనడుమ శిఖరం ఉంటుంది. ఐపీస్ దగ్గర ఏటవాలుగా ఉండే అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

నవమి, దశమి చంద్రుడు మధ్యాహ్నమే పొడుస్తాడు. పొద్దు గుంకక ముందే టెలిస్కోప్ బయటపెడితే పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వొద్దు, సూర్యుడి వైపు ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది. ఐపీస్‌కు బిగించే సన్ ఫిల్టర్ ఇచ్చి ఉంటే పారేయండి, అది వేడికి పగులుతుంది.

ప్రశ్న: టైకో బ్రాహే టెలిస్కోప్ చూడనే లేదంటారు. మరి చంద్రుడి మీద అంత గొప్ప బిలం ఆయనకెందుకు దక్కింది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: నిజమే, చూడలేదు. 1546లో డెన్మార్క్‌లో పుట్టి 1601లో ప్రాగ్‌లో పోయాడు, టెలిస్కోప్ 1608లో వచ్చింది. 1572లో శర్మిష్ఠ రాశిలో కొత్తగా వెలిగిన నక్షత్రాన్ని కొలిచి, అది చంద్రుడి కన్నా ఎంతో దూరాన ఉందని తేల్చాడు. ఆకాశంలో మార్పే ఉండదన్న పాత నమ్మకానికి అది పెద్ద దెబ్బ. తర్వాత హ్వెన్ దీవిలో ఇరవై ఏళ్లు ఉత్త కంటితోనే ఒక కళ దాకా కచ్చితంగా గ్రహాలను కొలిచాడు. ఆ కొలతలు జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ చేతికి వచ్చాయి. అంగారకుడి లెక్కలో 8 కళల తేడా తేలితే, టైకో కొలతలో అంత తప్పు ఉండదని నమ్మి కెప్లర్ వృత్తాకార కక్ష్యనే వదిలేశాడు. 8 కళలంటే చంద్రబింబం వెడల్పులో నాలుగో వంతు. గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయన్న 1609 నాటి సూత్రం దాన్నుంచే పుట్టింది.

పేరు పెట్టింది ఇటలీలోని జెసూట్ పండితుడు రిచియోలి, 1651లో. భూమి కదలదనీ, మిగతా గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయనీ టైకో చెప్పిన నమూనాకు దగ్గరి నమూనాను ఆయన సమర్థించాడు. అందుకే అందరికీ కనబడే బిలాన్ని టైకోకు ఇచ్చాడు. పక్కనే టైకో శిష్యుడు లాంగోమాంటనస్ పేరుతో ఇంకో బిలం ఉంది. అది గురువుగారి బిలం కన్నా పెద్దది, కానీ పాతబడి అరిగిపోయింది.

ప్రశ్న: మా ఇంట్లో రెండు పంచాంగాలున్నాయి. చవితి ముగిసే సమయంలో గంటకు పైగా తేడా వస్తోంది. దీనికీ టైకోకూ సంబంధం ఉందని ఒకరు చెప్పారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: కొంతవరకు నిజం. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ప్రతి 12 డిగ్రీల ఎడం ఒక తిథి. చంద్రుడు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు నుంచి 39.5 కళలు ముందుకో వెనక్కో జరుగుతున్నాడని 1590లలో టైకో పట్టుకున్నాడు. చంద్రబింబం వెడల్పు కన్నా ఎక్కువ. ఇంత పెద్ద తేడా అన్నేళ్లు ఎందుకు దొరకలేదు? అమావాస్య, పున్నమి, రెండు అష్టముల దగ్గర అది సున్నా అయిపోతుంది. చంద్రుడి లెక్కలకు పూర్వులకు ముఖ్య ఆధారం గ్రహణాలు, అవి వచ్చేదేమో అమావాస్యకూ పున్నమికీ. టైకో మాత్రం మధ్య రోజుల్లోనూ వదలకుండా కొలిచాడు.

ఈ తేడా ఎక్కువగా ఉండేది చవితి, ద్వాదశి దగ్గర, రెండు పక్షాల్లోనూ. దీనివల్ల చవితి సుమారు గంటా పావు ముందే ముగుస్తుంది, ద్వాదశి అంతే ఆలస్యమవుతుంది. పాత సూర్యసిద్ధాంత గ్రంథపు లెక్కలో ఈ సవరణ లేదు, ఆధునిక ఖగోళ లెక్కతో కట్టే దృక్ పంచాంగంలో ఉంటుంది. మిగతా సవరణలు కూడా కలుస్తాయి కాబట్టి మొత్తం తేడా నెలనెలా ఒకేలా ఉండదు.

ప్రశ్న: విక్రమ్ ల్యాండర్ టైకో దగ్గరే దిగిందా? డబ్బు కట్టి బిలానికి పేరు పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: కాదు. విక్రమ్ దిగింది 69 డిగ్రీల దక్షిణాన, టైకో ఉన్నది 43 దగ్గర. రెంటి మధ్య సుమారు వెయ్యి కిలోమీటర్లు. పేర్లను ఆమోదించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కటే, అవి అమ్మకానికి ఉండవు. ఆర్యభట, సారాభాయ్, రామన్ పేర్లు అలా వచ్చినవే. సర్టిఫికెట్లకు డబ్బు కట్టకండి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో టైకోలాగా ఉత్త కంటితో కోణాలు కొలిపించాలి. తక్కువ ఖర్చులో ఎలా?
– ఒక ఉపాధ్యాయురాలు, పరకాల

జవాబు: కంపాస్ బాక్స్‌లోని కోణమానిని, 20 సెం.మీ. స్ట్రా, దారం, ఒక నట్టు చాలు. కోణమానిని తిన్నటి అంచు మీద స్ట్రాను టేపుతో అంటించండి. నడిమి రంధ్రం నుంచి దారం కట్టి నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి నక్షత్రాన్ని చూస్తుంటే ఇంకొకరు దారం చూపే అంకె చదవాలి. 90 మీద ఉంటే స్ట్రా అడ్డంగా ఉన్నట్టు, 72 చూపితే నక్షత్రం ఎత్తు 18 డిగ్రీలు.

తప్పులు రెండు చోట్ల వస్తాయి. 6 మి.మీ. స్ట్రాలోంచి దాదాపు 1.7 డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, నక్షత్రం అందులో ఎక్కడుందో తెలియదు. ముందు కొనకు రెండు దారాలు అడ్డంగా, నిలువుగా అంటించి, కంటి వైపు కొనకు సూదితో చిల్లు పెట్టిన కాగితం తొడిగితే సరిపోతుంది. రెండోది గాలి. నట్టు ఊగుతుంటే చదవొద్దు, గోడ చాటుకు రండి. టైకోకూ ఇదే ఇబ్బంది వచ్చింది, అందుకే తన రెండో వేధశాలలో పరికరాలను నేలలో గోతులు తీసి దించాడు.

పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించండి. 5 సెం.మీ. వ్యాసార్ధమున్న కోణమానిని మీద ఒక డిగ్రీ అంటే 0.9 మి.మీ. టైకో గోడకు బిగించిన ఇత్తడి చాపం వ్యాసార్ధం దాదాపు 2 మీటర్లు, దాని మీద ఒక కళ అంటే 0.6 మి.మీ. అంటే మన పిల్లలు డిగ్రీని చదివేంత సందులోనే ఆయన డిగ్రీలో అరవయ్యో వంతును చదివాడు.

మొదటి కొలత ధ్రువ నక్షత్రంతో చేయించండి. పదిసార్లు చదివి సగటు తీస్తే మీ ఊళ్లో 18 డిగ్రీలకు అటూ ఇటూగా రావాలి. 20 దాటిందంటే స్ట్రా ఏటవాలుగా అంటుకుందన్నమాట. ఊడదీసి, కోణమానిని మీది 0–180 గీతకు సమాంతరంగా మళ్లీ అంటించండి.